పేరు చెప్పడానికి ఇష్టపడని స్థానికుడు

ఆ సోమవారం ఉదయం పంపు ఆపరేటరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా ట్యాంకు నింపేసి, మోటారు ఆపేసి, కాఫీ తాగి, సొంత వంటింట్లో మూడేళ్లుగా చుక్కలు చుక్కలుగా కారుతున్న కుళాయిని బాగుచెయ్యాలి. ఊరందరికీ నీళ్లు వదిలే మనిషి ఇంట్లో కుళాయి కట్టలేకపోవడం ఏమిటని భార్య మూడేళ్లుగా అడుగుతోంది. ఆయన మూడేళ్లుగా "ఊఁ" అంటున్నాడు.

ఆయన మాటతీరే అంత. ఊరి చివర నీళ్ల ట్యాంకు, దాని కింద పంపుహౌసు, పంపుహౌసు గోడను ఆనుకుని రెండు గదుల క్వార్టరు. చుట్టూ అర కిలోమీటరు దాకా మరో ఇల్లు లేదు. అక్కడ ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. మోటారు హోరులో ఏం మాట్లాడినా వినపడదు కాబట్టి మొదట్లో మాట్లాడటం తగ్గించాడు. తర్వాత మోటారు ఆగినప్పుడు కూడా మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోయాడు. నోట్లో నాలుక లేని మనిషని ఊళ్లో పేరు. భార్యకు మాత్రం ఆ పేరు వింటే ఒళ్లు మండేది, ఎందుకంటే ఆ నాలుక వాటా కూడా తనే మోయాల్సి వచ్చేది.

ఆపరేటరు రెంచీ చేతిలోకి తీసుకుని కుళాయి ముందు కూర్చున్నాడో లేదో, భార్య పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏమండీ! మన ట్యాంకు పేపర్లో పడింది!"

మూడో పేజీలో, కింద మూల, 'నీటి ట్యాంకులో వింత చప్పుళ్లు' అని ఉంది. భార్య గొంతు సవరించుకుని చదివింది. "ట్యాంకులోంచి ఏదో బరువైనది ఈదుతున్నట్టు చప్పుళ్లు వస్తున్నాయని పంపుహౌసు సమీపంలో నివసించే, పేరు చెప్పడానికి ఇష్టపడని స్థానికుడు ఒకరు మా విలేకరికి తెలిపారు."

చదివి పేపరు దించింది. కిటికీలోంచి తూర్పుకు చూసింది. తలుపులోంచి పడమరకు చూసింది. ఎటు చూసినా ఖాళీ స్థలమే.

"పంపుహౌసు సమీపంలో నివసించేది ఎవరండీ?"

"మనం."

"నేను ఆడదాన్ని. స్థానికుణ్ణి కాను. ఇంక మిగిలిందెవరు?"

ఆపరేటరు చాలాసేపు ఆలోచించాడు. "నేనా?"

"నాకేం తెలుసు? చెప్పినవాళ్లకి తెలియాలి."

ఆయన చెప్పలేదు. ఆ విలేకరి నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో కూడా ఆయనకు తెలియదు. ఆ సంగతి భార్యకు చెబుదామని నోరు తెరిచేలోపల బయట స్కూటరు ఆగింది. బావమరిది దిగాడు. ఊరి మధ్యలో జిరాక్సు కొట్టు వాడిది. ఆ వార్తను నాలుగింతలు పెద్దది చేసి, యాభై కాపీలు తీసి, ఒకదానికి లామినేషన్ కూడా చేయించి తెచ్చాడు.

"బావా! ఇన్నాళ్లూ నిన్ను మెతక మనిషివనుకున్నాం. ఎంత గుండె ధైర్యం నీది!"

"నేను చెప్పలేదురా."

"అదీ మాటంటే! చెప్పానని చెప్పేసుకుంటే ఇంక పేరు దాచడం ఎందుకు? నువ్వు ఇలాగే కాదంటూ ఉండు. నేను అందరికీ అవునని చెబుతుంటాను."

అన్నంత పనీ చేశాడు. మధ్యాహ్నానికల్లా ఊళ్లో ప్రతి కరెంటు స్తంభం మీదా ఆ కాగితం ఉంది. కింద వాడి సొంత చేతిరాతతో 'ఆ స్థానికుడు మా బావే' అని కూడా ఉంది. కుళాయి సంగతి ఎవరికీ గుర్తులేదు.

మంగళవారం వార్త మూడో పేజీ నుంచి మొదటి పేజీకి వచ్చింది. 'ట్యాంకులో మొసలి పిల్ల?' అక్షరాలకంటే ప్రశ్నార్థకమే పెద్దగా వేశారు. "తెల్లవారుజామున రెండు కళ్లు మెరవడం చూశాను, ఒళ్లు జలదరించింది" అని పేరు చెప్పడానికి ఇష్టపడని అదే స్థానికుడు అదే విలేకరికి తెలిపాడు. ఎనిమిదింటికల్లా పంపుహౌసు గేటు ముందు జనం. కొందరు నీళ్లు వద్దని చెప్పడానికి వచ్చారు, కొందరు మొసలిని చూడటానికి వచ్చారు. ఒకాయన చేపల వల తెచ్చాడు. ఒక బడిపంతులు సీసాలో నీళ్లు పట్టుకొచ్చి, వాసన చూడమని ఆపరేటరు ముక్కు కింద పెట్టాడు. ఒక ముసలమ్మ మాత్రం నిన్నటి నుంచి తన మోకాళ్ల నొప్పులు తగ్గాయనీ, మొసలిని అప్పుడే తియ్యొద్దనీ బతిమాలుకుంది.

ఆపరేటరు ట్యాంకు మెట్లన్నీ ఎక్కాడు. మూత తీసి టార్చిలైటు వేసి నలుమూలలా చూశాడు. మళ్లీ మెట్లన్నీ దిగి, ఆయాసపడుతూ గేటు దగ్గర నిలబడ్డాడు. రెండొందలమంది ఊపిరి బిగబట్టారు.

"లేదు," అన్నాడు.

ఇంకేమైనా అంటాడేమోనని జనం చూశారు. ఆయన ఏమీ అనలేదు. మరొకడైతే అరగంట ఉపన్యాసం ఇచ్చి ఉండేవాడు, జనం నమ్మి ఇళ్లకు పోయేవాళ్లు. ఒక్క ముక్కలో తేల్చేసేసరికి అందరికీ అనుమానం వచ్చింది.

"పాపం, మాట్లాడొద్దని పైనుంచి ఒత్తిడి వచ్చినట్టుంది," అన్నాడు వల తెచ్చినాయన.

ఆ మాట ఏ గాలికి కొట్టుకుపోయి విలేకరి చెవిన పడిందో గానీ, బుధవారం పేపర్లో 'నిజం చెప్పినందుకు ప్రాణభయం! కన్నీటి పర్యంతమైన స్థానికుడు' అని పడింది. ఈసారి స్థానికుడు మొసలితో ఆగలేదు. గుంతలు పడ్డ రోడ్ల గురించి బాధపడ్డాడు. యువతకు నాలుగు మంచి మాటలు చెప్పాడు. రెండు కాలమ్‌ల నిండా ధారాళంగా మాట్లాడాడు. భార్య పైకి చదువుతూ చదువుతూ ఒకచోట టక్కున ఆగిపోయింది. ముఖం మాడిపోయింది.

"ఇదేమిటి? 'నా భార్య పక్కన నిలబడకపోతే నేను ఎప్పుడో కూలిపోయేవాణ్ణి, నా బలమంతా ఆవిడే'. ఈ మాట నాతో ఒక్కరోజైనా అన్నారా?"

"నేను అనలేదే!"

"నేననేదీ అదే! నాతో అనలేదు. ముక్కూ మొహం తెలియని పేపరాయనతో అన్నారు. నేను వారం రోజులు పుట్టింటికి వెళ్తే 'నీళ్లొస్తున్నాయా' అని తప్ప రెండో మాట అడగని మనిషి, పేపరాయన భుజం మీద తల పెట్టుకుని ఏడ్చారా?"

"అసలు నేను అతన్ని..."

"వద్దులెండి. మీరు మాట్లాడదలుచుకుంటే పేపర్లో మాట్లాడండి. నేను చదువుకుంటాను."

ఆ తర్వాత ఆవిడ కూడా మాట్లాడటం మానేసింది. ఆ ఇంట్లో మూడేళ్లుగా ఉన్నా ఎవరికీ వినిపించని చప్పుడు ఒకటి ఆ రోజు స్పష్టంగా వినిపించింది. అది కుళాయి కారుతున్న చప్పుడు.

గురువారం పది గంటలకు ఇంజినీరు జీపు వచ్చింది. ఇంజినీరు మంచివాడే గానీ, కాగితం మీద ఉన్నది కంటితో చూసినదానికంటే గట్టిదని నమ్మే మనిషి. చేతిలో ఒక మెమో ఉంది.

"ఏమయ్యా, రూలు తెలుసుగా? శాఖలో పనిచేసేవాళ్లు పత్రికలవాళ్లతో మాట్లాడకూడదు. మాట్లాడితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతోపాటు క్వార్టరూ పోతుంది."

"నేను మాట్లాడలేదు సార్."

"పేపర్లో నీ పేరుందా?"

"లేదు సార్."

"చూశావా? వేరేవాడెవడైనా అయితే పేరెందుకు దాస్తాడు? దాచాల్సిన అవసరం ఈ ఊళ్లో నీ ఒక్కడికే ఉంది. పేరు లేదు కాబట్టే నువ్వని తెలిసిపోయింది."

శనివారం పదింటికి విచారణ ఇక్కడే జరుగుతుందనీ, ట్యాంకు ఖాళీ చేసి అందరి ముందూ చూస్తామనీ, విలేకరిని కూడా రమ్మని పేపరు ఆఫీసుకు కబురు పెట్టాననీ చెప్పి ఇంజినీరు వెళ్లిపోయాడు.

ఆపరేటరు పంపుహౌసులోకి వెళ్లి, గుడ్డ తీసుకుని మోటారు తుడవసాగాడు. అది పొద్దున్నే తుడిచిన మోటారు. ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు కూడా ఊరికి నీళ్లు ఆలస్యం చెయ్యలేదు. జ్వరం వచ్చినప్పుడు గోడకు చేరబడి మరీ స్విచ్చి వేశాడు. ఇప్పుడు తను అనని మాటలకు, ఎన్నడూ చూడని మనిషి రాసిన రాతకు, ఈ గదీ ఆ ఇల్లూ వదిలిపోవాలి. వెనక ఎవరో నిలబడ్డారనిపించి తిరిగాడు. భార్య.

"నేను ఎవరితోనూ మాట్లాడలేదు," అన్నాడు. "మాట్లాడటమంటూ వస్తే ముందు నీతో మాట్లాడతాను గానీ, దారినపోయేవాడితో ఎందుకు మాట్లాడతాను?"

భార్య కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఆవిడకు అక్కర్లేదు. "పదండి," అంది. "పేపరు ఆఫీసుకి."

పేపరు ఆఫీసు గుమ్మంలో సందర్శకుల పుస్తకం ఉంది. ఆపరేటరు అందులో తన పేరు గుండ్రంగా రాసి సంతకం పెట్టాడు. లోపల, తప్పొప్పుల సవరణలు చూసే గుమాస్తా ఒక బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. ఆ బల్ల మీద దుమ్ము చూస్తే ఆ పేపర్లో తప్పులే జరగవని ఎవరైనా అనుకుంటారు.

"ఆ వార్తలో ఉన్న స్థానికుడు ఈయనేనని అందరూ అంటున్నారు. ఈయన ఏమీ అనలేదు. సవరణ వెయ్యండి," అంది భార్య.

గుమాస్తా పుస్తకం తిరగేశాడు. "ఇక్కడ పేరు రాసింది మీరేనా?"

"నేనే," అన్నాడు ఆపరేటరు.

"మరి మీరు ఆయన ఎలా అవుతారండీ? ఆయన పేరు చెప్పడానికి ఇష్టపడని మనిషి. మీరు అడక్కుండానే రాసిచ్చారు."

"అదే బాబూ, ఆయన కాడనే చెబుతున్నాం!"

"ఆయన కాకపోతే ఆయన అన్నవి తప్పని ఎలా చెబుతారమ్మా? ఆ సంగతి ఆయనే వచ్చి చెప్పాలి. వస్తే పేరు అడుగుతాం. పేరు చెప్పడు. పేరు లేనివాళ్ల ఫిర్యాదు మేం తీసుకోం."

భార్యకు తల ప్రాణం తోకకొచ్చింది. "పోనీ ఆ విలేకరిని పిలవండి."

"ఆయన ఆఫీసుకు రారండీ. వార్తలన్నీ ఫోన్‌లోనే చెబుతారు. నేనే ఆయన్ని చూసి ఆరేళ్లయింది."

"ఎడిటరుగారైనా ఉన్నారా?"

గుమాస్తా గొంతు తగ్గించాడు. "కొత్తాయన. వచ్చి పన్నెండు రోజులైంది. ఇంకా ఊళ్లో ఎవరికీ ఆయనెవరో తెలియదు. వచ్చిన ఉత్తరాలన్నీ చదువుతున్నారట. చదవక్కర్లేదని ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు."

భార్య అక్కడే బెంచీ మీద కూర్చుని నాలుగు పేజీల ఉత్తరం రాసింది. చివర్లో ఏమైనా రాయాలా అని భర్తను అడిగింది. ఆయన ఆలోచించి, "శనివారం పదింటికి రమ్మను. వచ్చి చూడమను," అన్నాడు.

శనివారం వచ్చింది. ఖాకీ యూనిఫారం వేసుకోబోతున్న భర్తను భార్య ఆపింది. ఖాకీలో కనిపిస్తే ముందే దోషిలా ఉంటారని, బీరువాలోంచి లేత నీలం చొక్కా తీసింది. కూతురి పెళ్లినాడు వేసుకున్న చొక్కా అది. జేబులో ఒక పెన్ను కూడా గుచ్చింది. ఉతికి మడతపెట్టిన ఖాకీ జత కుర్చీ మీదే ఉండిపోయింది.

తొమ్మిదిన్నరకు ట్యాంకు ఖాళీ చెయ్యాలి. అడుగున నీళ్లు బయటికి వదిలే పెద్ద వాల్వు ఒకటుంది. మామూలుగా దాన్ని ఆపరేటరు మెల్లగా, నాలుగైదు విడతల్లో తిప్పుతాడు. ఆ రోజు చేతులు చెప్పిన మాట వినలేదు. ఒక్క ఊపున మొత్తం తిప్పేశాడు. అవతల గోడ దగ్గర పైపు మూతి. సరిగ్గా అదే సమయానికి కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన వంగి, మొసలి ఇందులోంచి పట్టేంత వెడల్పు ఉందా అని ఆ పైపు మూతిలోకే చూస్తున్నాడు.

ఆయనొక దిక్కుకు, కళ్లద్దాలొక దిక్కుకు, చేతిలోని సంచి మరో దిక్కుకు కొట్టుకుపోయాయి. భార్యాభర్తలు ఇద్దరూ పరుగెత్తి ఆయన్ని లేవనెత్తి, కళ్లద్దాలూ సంచీ ఏరి తెచ్చారు. భార్య తువ్వాలు ఇచ్చింది, వేడి కాఫీ ఇచ్చింది, ఇంట్లో చేతికి అందిన పొడిబట్టలు ఇచ్చింది. అవి కుర్చీ మీది ఖాకీ జత. ఆయన అవి తొడుక్కుని, తల తుడుచుకుంటూ అన్నాడు:

"నేను ఎడిటర్నమ్మా. మీ ఉత్తరం చదివాను. నాలుగు పేజీలూ."

ఆపరేటరు తన ఉద్యోగం నిలబెట్టగల ఒకే ఒక్క మనిషిని నిలువునా తడిపేశాడు. "క్షమించండి," అన్నాడు, రెండు చేతులూ జోడించి.

"ఫరవాలేదు. ట్యాంకులో మొసలి ఉంటే ఆ నీళ్లతోపాటే వచ్చి నా మీద పడి ఉండేది. నాకు రుజువు దొరికింది." ఎడిటరు నవ్వి, మోటారు పక్కనున్న స్టూలు మీద చలికి ముడుచుకుని కూర్చున్నాడు. ఖాకీ చొక్కా జేబు మీద శాఖ పేరు ఎర్రదారంతో కుట్టి ఉంది.

విచారణ కోసం గది మధ్యలో ఒక బల్ల, ఒక కుర్చీ వేసి ఉన్నాయి. గేటు దగ్గర జనం చేరిన సందడి వినిపిస్తోంది. బావమరిది పాత పైపుల గుట్ట ఎక్కి కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు, లోపల జరిగేది జనానికి ఎప్పటికప్పుడు అందించడానికి. పొద్దుట్నుంచీ కాలు నిలవకుండా తిరుగుతున్న ఆపరేటరు ఒక్క నిమిషం ఆనుకుందామని ఆ కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడే గుమ్మంలోకి విలేకరి వచ్చాడు.

నల్ల కళ్లద్దాలు, చేతిలో నోటుపుస్తకం, ముఖాన ఊరు తనదేనన్న ధీమా. ఒక్కసారి గది అంతా కలయజూశాడు. బల్ల ముందు కుర్చీలో మంచి చొక్కా, జేబులో పెన్ను. మూల స్టూలు మీద ఖాకీ బట్టలు, వంచిన తల. ఎవరు ఎవరో తేల్చుకోవడానికి ఆయనకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"నమస్కారం ఇంజినీరుగారూ!" అన్నాడు ఆపరేటరుతో.

ఆపరేటరు కాదని చెబుదామని నోరు తెరిచాడు. ఆయన మొదటి మాట బయటికి వచ్చేలోపల ఎవరైనా పది మాటలు మాట్లాడేయడం మామూలే. విలేకరి స్టూలు దగ్గరికి వెళ్లి ఎడిటరు భుజం మీద చెయ్యి వేశాడు.

"భయపడకు అన్నా, నేనున్నాగా! సార్, ఇతను అమాయకుడు. నన్ను నమ్మి మనసు విప్పి చెప్పుకున్నాడు. ఉద్యోగం మాత్రం తియ్యకండి."

ఎడిటరు తల ఎత్తలేదు. స్టూలు కింద నుంచి అరచేత్తో ఆపరేటరుకు చిన్న సైగ చేశాడు, కానివ్వమన్నట్టు.

"ఊఁ," అన్నాడు ఆపరేటరు.

ఇరవై రెండేళ్లుగా ఇంట్లో వినీ వినీ భార్యకు విసుగు పుట్టించిన ఆ ఒక్క అక్షరం, ఆ కుర్చీలోంచి వచ్చేసరికి పెద్ద అధికారి గద్దింపులా ఉంది. విలేకరి సర్దుకుని నిలబడ్డాడు.

"మీతో మాట్లాడింది ఇతనేనా?" అన్నాడు ఆపరేటరు.

"ఇతనే సార్! కళ్లకు గంతలు కట్టినా గొంతు విని గుర్తుపడతాను."

"ఎప్పుడు?"

"సోమ, మంగళ, బుధ. మూడు రోజులూ సార్. ఇదే స్టూలు మీద కూర్చుని."

ఆపరేటరు మాట్లాడలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాడు. మౌనం ఆయనకు అలవాటే గానీ విలేకరికి అలవాటు లేదు. ఆ మౌనాన్ని తనే నింపసాగాడు.

"ఏడ్చాడు కూడా సార్. చూడలేక నా జేబురుమాలు ఇచ్చాను. ఇంకా తిరిగివ్వలేదు. ఏం అన్నా, ఇవ్వలేదు కదూ?"

"ఇవ్వలేదండీ," అన్నాడు ఎడిటరు, నిజమే చెబుతూ.

"విన్నారా సార్!"

"జేబురుమాలు ఇచ్చాడంట!" అని బావమరిది బయటికి అరిచాడు. జనం గొల్లుమన్నారు.

కాఫీ గ్లాసు తీసుకుపోదామని వచ్చిన భార్యను చూసి విలేకరి గొంతు మరింత కరిగిపోయింది. "ఈ తల్లి కోసమే సార్ ఇతని బాధంతా. అమ్మా, మీ ఆయన మిమ్మల్ని దేవతలా చూసుకుంటాడు."

"ఎవరూ, ఈయనా?" అంది భార్య స్టూలు వైపు చూపిస్తూ. "ఈయన నా భర్తా?"

"ఇన్నేళ్ల కాపురం! మీ ఆయన ఎవరో మీకు నేను చెప్పాలా అమ్మా?"

ఆపరేటరు లేచి నిలబడ్డాడు.

"నేను ఆపరేటర్ని," అన్నాడు. "ఆవిడ నా భార్య. నేను మిమ్మల్ని చూడటం ఇదే మొదటిసారి."

విలేకరి ఆయన చొక్కా వైపు, పెన్ను వైపు చూశాడు. "మరి ఇంజినీరుగారు...?"

"నేను ఇంజినీర్ని," అంది ఒక గొంతు వెనక నుంచి. జనాన్ని దాటుకుని నడిచొచ్చిన ఇంజినీరు, జేబురుమాలు మాట వచ్చిన దగ్గర్నుంచీ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

విలేకరి మెల్లగా స్టూలు వైపు తిరిగాడు. భుజం మీద వేసిన చెయ్యి తీసేశాడు. ఖాకీ మనిషి కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాడు.

"నేను మీ ఎడిటర్ని. నా గొంతు ఫోన్‌లో రోజూ వింటున్నారు. కళ్లకు గంతలు లేకపోవడం వల్ల గుర్తుపట్టలేకపోయినట్టున్నారు."

విలేకరి, గదిలో ఇంకా ఎవరైనా మిగిలి ఉన్నారేమోనని నాలుగు మూలలూ చూశాడు. "మరి... ఆ స్థానికుడు..."

"బయట కూడా లేడు!" అన్నాడు బావమరిది కిటికీలోంచి.

"సార్, నాకు వార్తలు చెప్పేవాళ్ల వివరాలు నేను బయటపెట్టకూడదు. అది వృత్తి ధర్మం," అన్నాడు విలేకరి, చివరి ప్రయత్నంగా.

అంతసేపూ చల్లగా ఉన్న ఎడిటరుకు అప్పుడు కోపం వచ్చింది. "ఏ ధర్మం? నిజం చెబితే ప్రాణం మీదికి వస్తుందని తెలిసీ మనల్ని నమ్మి చెప్పేవాళ్లున్నారు. వాళ్లను కాపాడటానికి పెట్టుకున్న కట్టుబాటు అది. నువ్వు దాన్ని లేని మనిషిని దాచడానికి వాడుకున్నావు. ఉన్న మనిషినేమో వచ్చిన రెండో నిమిషంలోనే భుజం పట్టుకుని అప్పగించావు. నేను నిజంగా ఈ ఉద్యోగినే అయితే, ఇప్పుడు నా కుటుంబం ఎక్కడ ఉండేది?"

కిటికీలో బావమరిది జనానికి అందించడం ఆపేశాడు. కాసేపటికి ఇంజినీరు టార్చిలైటు అడిగి తీసుకుని, వల తెచ్చినాయన్నీ బడిపంతుల్నీ సాక్షులుగా వెంటబెట్టుకుని ట్యాంకు ఎక్కాడు. ముగ్గురూ లోపలికి దిగి చూశారు. అడుగున నున్నటి సిమెంటు తప్ప ఏమీ లేదు. దిగొచ్చిన ఇంజినీరు జనం అందరూ చూస్తుండగా మెమో రెండుగా చింపాడు.

"నా వంటింట్లో బిందె కూడా ఇంత శుభ్రంగా ఉండదు," అన్నాడు. తర్వాత ఆపరేటరు దగ్గరికి వచ్చి, అందరికీ వినపడేలా, "కాగితం చూసి నిన్ను అనుమానించాను. తప్పు నాది," అన్నాడు. ఆ శాఖలో ఒక అధికారి ఆ మాట అనడం అదే మొదలని తర్వాత చాలామంది చెప్పుకున్నారు.

ఎడిటరు తడిసిన సంచిలోంచి పెన్ను తీశాడు. "రేపు మొదటి పేజీలో, మొసలి పడిన చోటే, అంతే పెద్ద అక్షరాల్లో నిజం పడుతుంది. ఇప్పుడు మీరు చెప్పండి. ఇంజినీరుగారూ, ఈయన మాతో మాట్లాడవచ్చా?"

"నేనే మాట్లాడమంటున్నాను," అన్నాడు ఇంజినీరు.

"ముందు నా పేరు రాసుకోండి," అన్నాడు ఆపరేటరు.

గేటు దాకా వినపడేలా తన పేరు చెప్పాడు. ఇంటిపేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. అక్షరం పొల్లుపోకుండా మళ్లీ చదివించుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

"ట్యాంకులో మొసలి లేదు. ఎప్పుడూ లేదు. నీళ్లు మంచివి, నేనూ అవే తాగుతున్నాను. నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. అన్నట్టు రాసినవన్నీ కొట్టెయ్యండి." భార్య వైపు చూశాడు. "బుధవారం నా భార్య గురించి వేసిన వాక్యం మాత్రం ఉంచండి. అది కూడా నేను అనలేదు. అనాల్సింది. ఇప్పుడు అంటున్నాను."

భార్య గిరుక్కున గోడవైపు తిరిగిపోయింది. కళ్లు తుడుచుకోవడానికి అంతమందిలో ఆవిడకు దొరికిన చోటు అదొక్కటే. బావమరిది కిటికీలోంచి, "అక్క ఏడుస్తోంది! ఇది మాత్రం నిజం! నేను చూశాను!" అని అరిచాడు. ఈసారి చప్పట్లు ట్యాంకు గోడలకు తగిలి రెండింతలుగా వినిపించాయి. ఆపరేటరు జీవితంలో మొదటిసారి అంతమంది ముందు తలెత్తుకుని నిలబడ్డాడు. ఆయనకు చెప్పలేనంత సంతోషంగా ఉంది.

ఎడిటరు సవరణ రాసి, విలేకరి చేతికే ఇచ్చి, గేటు దగ్గర నిలబడి చదవమన్నాడు. విలేకరి గొణిగాడు. "వినపడలేదు!" అన్నాడు బడిపంతులు. రెండోసారి కాస్త గట్టిగా చదివాడు. "వెనక్కి వినపడలేదు!" అంది ముసలమ్మ, ముందు వరుసలోంచే. మూడోసారి ఊరి అవతలి చివరిదాకా వినపడింది.

"ఈ ఆరేళ్లలో నువ్వు రాసిన పేరు లేని మనుషులందరి జాబితా నాకు కావాలి," అన్నాడు ఎడిటరు విలేకరితో. "ఎవరెవరు ఉన్నారో, ఎవరెవరు లేరో. అది మన పేపర్లోనే వేస్తాం, నీ పేరుతో. అది పూర్తయ్యేదాకా నువ్వు మరో అక్షరం రాయడానికి వీల్లేదు."

తర్వాత ఆయన ఖాకీ బట్టల్లోనే ఆఫీసుకు వెళ్లి, కళ్లతో చూడని మనిషి మాటను ఎవరూ పేపర్లో రాయకూడదని గోడమీద నోటీసు అంటించాడు.

సోమవారం నుంచి ఎనిమిది పేజీల ఆ పేపరు నాలుగు పేజీలే వచ్చింది.